డెంగీ అని తేలింది, కానీ దగ్గు సంగతేంటి?

కావలి నుంచి అడుగుతున్నా. మా ఆయనకు తీవ్రమైన జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. ఎన్ఎస్1 టెస్టులో డెంగీ అని వచ్చింది. ప్లేట్‌లెట్లు 90 వేలు. కానీ మొదటి నుంచీ గొంతునొప్పి, రాత్రంతా పొడి దగ్గు. అంతకుముందే మా పిలకాయలు బడి నుంచి జలుబు, దగ్గు పట్టుకొచ్చారు. డాక్టరును అడిగితే "డెంగీ అని తేలింది కదమ్మా" అని చీటీ చేతిలో పెట్టారు. రెండూ ఒకేసారి వస్తాయా? ఇంట్లో ఒళ్లునొప్పుల మాత్రలున్నాయి, వేయొచ్చా? మా అత్త బొప్పాయి ఆకు రసం పోస్తోంది.

నెల్లూరు ల్యాబ్ తమ్ముడు:
అక్కా, నేను డాక్టర్ని కాదు, ల్యాబ్‌లో పనిచేస్తా. రెండూ కలిసి రావచ్చు. ఒకటి దోమ కుడితే వచ్చేది, ఇంకోటి పక్కనోళ్లు దగ్గితే వచ్చేది. మనకేమో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు. బయట నీళ్లు నిలుస్తాయి, లోపల అందరూ తలుపులేసుకుని ఒకే గదిలో పడుకుంటారు.

మా దగ్గరికొచ్చే చీటీలో ఒక్క టెస్టే ఉంటుంది. కార్డు మీద గీత ఒక్కోసారి వెంట్రుకంత లేతగా వస్తుంది, ట్యూబ్‌లైటు కిందకి తీసుకెళ్లి చూస్తాం. గీత కనపడిందా, డెంగీ అని రాసేస్తాం. రెండో వైరస్ గురించి ఎవరూ అడగరు, రిజిస్టరులోకీ ఎక్కదు. ఇక జిల్లా లెక్కలో ఎక్కడ కనపడుతుంది? 2020లో సింగపూర్‌లో ఇద్దరికి యాంటీబాడీ ర్యాపిడ్ టెస్టు డెంగీ అని చూపిస్తే, చివరికి కోవిడ్ అని తేలింది. మీది ఎన్ఎస్1, అంటే డెంగీ వైరస్ ప్రొటీన్‌నే పట్టే టెస్టు కాబట్టి డెంగీని నమ్మొచ్చు. దగ్గును మాత్రం వదలొద్దు.

బొప్పాయి ఆకు జోలికి నేను రాను, ఆ గొడవ ఇక్కడ తెగదు.

ఒంగోలు సిస్టర్:
ఆ మాత్రలు ముట్టుకోవద్దమ్మా. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఏదైనా సరే, డెంగీలో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో.

దగ్గుందని సెలైన్ పెట్టేవాళ్లకి తప్పకుండా చెప్పండి. డెంగీలో రక్తనాళాల నుంచి నీరు కారి ఊపిరితిత్తుల చుట్టూ చేరొచ్చు. ఫ్లూ నిమోనియాలోనూ ఆయాసమే. రెండూ ఉన్నాయని తెలియకుండా సీసాల మీద సీసాలు ఎక్కిస్తే ఊపిరాడదు. ఫ్లూ అని తేలితే ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు, లక్షణాలు కనపడిన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. జ్వరం తగ్గింది కదా అని ధీమా పడొద్దు, డెంగీ ముదిరేది ఎక్కువగా అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, ఏది కనపడినా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

పొదిలి:
మాకు ట్యాంకరొస్తేనే నీళ్లు. శుక్రవారం డ్రై డే అని వచ్చి డ్రమ్ములు పారబోయమంటారు. పారబోసి ఏం తాగాలి? మాస్కు గురించి చెప్పేవాళ్లు వేరే, వాళ్లు వేరే రోజు వస్తారు.

నెల్లూరు ల్యాబ్ తమ్ముడు:
అన్నా, నీళ్లు వాడుకోండి, పైన గుడ్డ బిగించి కట్టండి. ఖాళీ అయినప్పుడు మాత్రం లోపలి గోడ బ్రష్షుతో రుద్దాలి. డెంగీ తెచ్చే ఈడిస్ దోమ గుడ్లు గోడకే అతుక్కుని నెలల తరబడి ఎండినా చావవు, నీళ్లు తగిలితే వారం పది రోజుల్లో దోమలవుతాయి.

కావలి:
స్వాబ్ తీశారు తమ్ముడూ, ఇన్‌ఫ్లుయెంజా ఎ, అంటే ఫ్లూ కూడా ఉంది. దోమతెర కట్టి, లోపల మాస్కు పెట్టించారు. సెలైన్ తగ్గించి, ఛాతీ ఎక్స్‌రే రాశారు. పిలకాయలకి దగ్గు తగ్గింది కానీ చిన్నోడికి ఈ పొద్దున ఒళ్లు వెచ్చగా ఉంది. వాడికి డెంగీ టెస్టు ఈరోజే చేయించాలా, రేపటిదాకా చూడాలా?

ఒంగోలు సిస్టర్:
ఈరోజే. ఎన్ఎస్1 మొదటి రోజుల్లోనే బాగా దొరుకుతుంది.