సంక్రాంతి తోరణాలు ఈసారి ఉన్నితో: ఎవరు ఏ పని తీసుకుంటారు?

అలంకరణ బాధ్యురాలు:
అందరికీ నమస్కారం. న్యూజిలాండ్‌లోని మన క్రైస్ట్‌చర్చ్ సంక్రాంతి వేడుకకు ఏటా హాలు గుమ్మాలకు ప్లాస్టిక్ తోరణాలే కడుతున్నాం. ఇక్కడి చలికి మామిడి చెట్టు బతకదు, పచ్చి ఆకులు ఇండియా నుంచి తెచ్చుకోనివ్వరు. నిజమే. కానీ ఎటు చూసినా గొర్రెల మందలు కనిపించే మన క్యాంటర్‌బరీ ప్రాంతంలో ఉంటూ గుమ్మానికి ప్లాస్టిక్ కట్టడం నాకు మనసొప్పడం లేదు. ఈసారి బంతిపూల బదులు ఉన్నిని సబ్బు నీళ్లతో రుద్ది చేసే బంతులు గుచ్చుదాం, మామిడాకులు అలాగే చేసిన ఉన్ని పలకల నుంచి కత్తిరిద్దాం. బంతులు మాత్రం పిల్లలే చెయ్యాలి. గుమ్మం దాటుతూ "ఇది నేను చేసింది" అని ప్రతి బిడ్డా వేలు పెట్టి చూపించాలని నా కోరిక.

లెక్క ఇది. ఆరు గుమ్మాలు, తోరణానికి 30 బంతులు, 15 ఆకులు. అంటే 180 బంతులు, 90 ఆకులు. రెండున్నర సెంటీమీటర్ల బంతికి సుమారు 3 గ్రాముల ఉన్ని పడుతుంది. ఆకుల పలకలు ఐదు చాలు, పలకకు 70 గ్రాములు. తరుగు పోను అన్నీ కలిపి ఒక కిలో తెస్తే సరిపోతుంది. ఆష్‌బర్టన్ ఊళ్లో 1934లో మొదలై రాట్నాలు చేస్తున్న ఆష్‌ఫర్డ్ వారి దగ్గర రంగులద్దిన కొరీడేల్ జాతి గొర్రెల ఉన్ని దొరుకుతుంది, ఏకి సిద్ధంగా ఉంటుంది. శనివారం అటు వెళ్లేవారు ఎవరైనా ఉన్నారా? పసుపు, నారింజ, ముదురు ఆకుపచ్చ కావాలి.

కోశాధికారి:
నేను తెస్తానమ్మా. ఇంట్లో మిగిలిన స్వెట్టర్ దారం ఉంది, అది కూడా పనికొస్తుందా?

అలంకరణ బాధ్యురాలు:
చాలా సంతోషం అన్నయ్యా. దారం వద్దు. అక్రిలిక్ అయితే ఎంత రుద్దినా అతుక్కోదు. మిషన్‌లో ఉతకవచ్చు అని రాసి ఉన్న ఉన్ని కూడా వద్దు. ఉన్ని పీచు మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వేడి నీళ్లు, సబ్బు, రాపిడి తగిలితే పీచులు ఒకదానిలోకి ఒకటి జరిగి, ఆ పొలుసుల వల్ల వెనక్కి రాలేక బిగుసుకుపోతాయి. మిషన్‌లో ముడుచుకోకుండా శుద్ధి చేసిన ఉన్నికి ఆ గుణం పోతుంది. పోయిన నెల నేను ఒక దుకాణంలో చీటీ చదవకుండా అలాంటిదే కొని, గంటసేపు రుద్దాను. చేతులు నానాయి తప్ప బంతి కాలేదు.

పిల్లల కార్యక్రమాల బాధ్యురాలు:
అక్కా, సూదులతో పొడిచి చేసే బొమ్మలు చూశాను. అవి పిల్లలకు ఇస్తామా? ఎంత వయసు నుంచి రానివ్వాలి?

అలంకరణ బాధ్యురాలు:
సూదులు పెద్దవాళ్లకే. వాటికి సన్నని గాట్లుంటాయి, వేలికి దిగితే బాగా నొప్పి, వంకరగా పొడిస్తే విరుగుతాయి. చిలకలు, గొబ్బెమ్మల మీద గుమ్మడిపూలు చెయ్యాలనుకునే పెద్దలు నలుగురు పేర్లివ్వండి, మా ఇంట్లో కూర్చుందాం. పొడిచేటప్పుడు కింద పెట్టుకునే నురుగు దిమ్మలు నా దగ్గరున్నాయి.

ఐదేళ్లు దాటిన పిల్లలందరూ నీళ్లతో బంతి చెయ్యగలరు. నీళ్లు పెద్దవాళ్లు చేత్తో ముట్టుకుని చూశాకే పిల్లల ముందు పెట్టండి. ఉన్నిని కత్తెరతో కోయకుండా వేళ్లతో లాగి తీయాలి. ఆ పాయను గట్టిగా ఉండ చుట్టి, దాని మీద పలచని పొరలు అడ్డంగా, నిలువుగా కప్పాలి. సబ్బు నీళ్లలో ముంచాక అసలు కిటుకు ఉంది. అందరూ సున్నుండ నొక్కినట్టు నొక్కేస్తారు, బంతికి చీలిక పడుతుంది. మొదటి రెండు నిమిషాలు అరచేయి తగిలీ తగలనట్టు తిప్పాలి. పైన చర్మంలా పొర కట్టిందని చేతికే తెలుస్తుంది, అప్పటి నుంచి బలం పెంచాలి. గిల్లితే పీచు లేవకపోతే బంతి అయినట్టే. మొత్తం పది నిమిషాల పని.

ఆకుల పలకలు పెద్దల వంతు. పూర్తయ్యేసరికి మూడో వంతు ముడుచుకుంటుంది కాబట్టి 30 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల పొడవు పలక కోసం 45 సెంటీమీటర్ల వెడల్పు, 68 సెంటీమీటర్ల పొడవు మేర ఉన్ని పరవాలి. ఈనెలు లేత ఆకుపచ్చ దారంతో పదేళ్లు దాటిన పిల్లలు కుట్టవచ్చు.

కొత్తగా చేరిన సభ్యురాలు:
అక్కా, తెల్ల ఉన్నికి ఇంట్లో పసుపుతో రంగు వేశాను, ఎంతో బాగా వచ్చింది. సబ్బు నీళ్లలో చుట్టేసరికి ఇటుక రంగుకు తిరిగింది. పాడైపోయిందా?

అలంకరణ బాధ్యురాలు:
పాడు కాలేదమ్మా! పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే ఇదీ. సబ్బులోని క్షారం చేసిన పని. మంచినీళ్లలో జాడించి, చివరగా బకెట్ నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ వేసి ముంచు, పసుపు వెనక్కి వస్తుంది. వెనిగర్ సబ్బు జిడ్డును కూడా తీసేస్తుంది, అందుకే అన్ని బంతులకూ ఆఖరున అదే చేద్దాం. ఎండకు పసుపు రంగు వెలుస్తుంది కాబట్టి నీ బంతులు లోపలి గుమ్మానికి కడదాం. ఆదివారం ఆ ఉన్ని కొంచెం తీసుకురా, పిల్లల ముందు మళ్లీ చేసి చూపిద్దువుగాని.

పిల్లల కార్యక్రమాల బాధ్యురాలు:
అయితే ఆదివారం పది గంటలకు మా పెరట్లో. ఎండ బాగుంటుందంటున్నారు, బంతులు తీగ మీదే ఆరబెడదాం. ప్రతి ఇంటి నుంచి ఒక గిన్నె, పాత తువ్వాలు తెచ్చుకోండి. సబ్బు నేను చూసుకుంటాను.