అప్‌డేట్: డ్రాయింగ్‌బ్రష్‌లో చుక్కల మధ్య ఖాళీ రాకపోవడం, పరిష్కారం దొరికింది

డబ్ల్యూపీఎఫ్‌లో (విండోస్ యాప్‌ల స్క్రీన్‌లు తయారుచేసే మైక్రోసాఫ్ట్ ఫ్రేమ్‌వర్క్) రెక్టాంగిల్‌ని డ్రాయింగ్‌బ్రష్‌తో, అంటే గీసిన బొమ్మతో ఆకారాన్ని నింపే బ్రష్‌తో, చుక్కల డిజైన్‌గా నింపుతుంటే చుక్కలన్నీ ఉబ్బిపోయి ఒకదానికొకటి అంటుకుంటున్నాయని అడిగాను కదా, అది తేలిపోయింది. సాయం చేసిన అందరికీ చాలా థ్యాంక్స్.

పనిచేసింది వ్యూబాక్స్ (బొమ్మలో ఏ భాగాన్ని కంటెంట్‌గా తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) ఇవ్వమన్న సలహానే. నా టైల్ (డిజైన్‌లో పదేపదే వచ్చే గడి) 20×20, మధ్యలో 8 వెడల్పున్న చుక్క. డ్రాయింగ్‌బ్రష్ మాత్రం చుట్టూ ఉన్న ఖాళీని అసలు లెక్కలోకే తీసుకోదు, గీసిన బొమ్మ హద్దుల్నే కంటెంట్ అనుకుంటుంది, పైగా స్ట్రెచ్ (బొమ్మను ఎలా సాగదీయాలో చెప్పే సెట్టింగ్) డిఫాల్ట్‌గా ఫిల్, అంటే టైల్ నిండేలా సాగదీయడం, కాబట్టి ఆ 8ని లాగి 20 మొత్తం నింపేస్తోంది. వ్యూబాక్స్‌కి "0,0,20,20" ఇచ్చి, వ్యూబాక్స్‌యూనిట్స్‌ని (ఆ అంకెల్ని ఎలా కొలవాలో చెప్పేది) అబ్సొల్యూట్ చేయగానే చుక్కలు చక్కగా విడివిడిగా వచ్చాయి. ఈ రెండోది మర్చిపోవద్దు, డిఫాల్ట్ రిలేటివ్ కాబట్టి 20 అంటే బొమ్మకు 20 రెట్లు అనుకుంటుంది.

వెనకాల 20×20 ట్రాన్స్‌పరెంట్ రెక్టాంగిల్ పెట్టమన్న సలహా కూడా పనిచేస్తుంది, కానీ ఒక షేప్ ఎక్కువవుతుంది కాబట్టి నాకు మొదటిదే నచ్చింది.

టైల్‌మోడ్ (టైల్ రిపీట్ అయ్యే తీరు), వ్యూపోర్ట్ (టైల్ సైజు, చోటు) ముందునుంచే సరిగ్గా ఉన్నాయి. బ్రష్‌ని ఫ్రీజ్ చేయడం (ఇక మారకుండా లాక్ చేయడం), స్నాప్స్‌టుడివైస్‌పిక్సెల్స్ (అంచుల్ని స్క్రీన్ పిక్సెల్స్‌తో సరిపోల్చే సెట్టింగ్) పెట్టడం వీటికీ ఈ సమస్యకూ సంబంధం లేదు.