టెర్బినాఫిన్ నెల రోజులు వాడినా తామర పోలేదు: కొత్త పరిశోధనలు ఏమంటున్నాయి?

నాపరాయి, తాడిపత్రి

అందరికీ నమస్కారం. నేను తాడిపత్రిలో ఒక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. మనుషులు తక్కువైన రోజున కటింగ్ మిషన్ దగ్గర కూడా నిలబడతాను. రాయి కోసేంతసేపు బ్లేడు మీద నీళ్లు పారుతూనే ఉండాలి కాబట్టి, పొద్దున వేసుకున్న బట్టలు నడుము నుంచి కిందికి సాయంత్రం దాకా తడిగానే ఉంటాయి. కిందటి వానాకాలంలో గజ్జల్లో మొదలైన తామర ఇప్పుడు నడుము చుట్టూ తిరిగి పిరుదుల మీదికి పాకింది. మొదట్లో మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే మూడు రోజుల్లో నవ తగ్గిపోయేది, మానేసిన వారానికి అంతకు రెండింతలై లేచేది. అలా ఆరు ట్యూబులు అయిపోయాక ఒక క్లినిక్‌కు వెళ్తే, అక్కడ చొక్కా ఎత్తి చూపించకముందే టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందు 250 మిల్లీగ్రాముల మాత్రలు రాసిచ్చారు. నాలుగు వారాలు ఒక్క పూట కూడా తప్పకుండా వాడాను. అంచులు కాస్త చల్లబడినట్టే ఉండి, మాత్రలు అయిపోయిన పది రోజులకు మళ్లీ ఎర్రగా తేలాయి. ఇప్పుడు నా భార్యకు నడుము దగ్గర, ఆరేళ్ల పాపకు మోచేతి మీద అవే వలయాలు కనిపిస్తున్నాయి.

నేను తెలుసుకోదలచినవి రెండు. తామరకు కారణమైన ఫంగస్ మారిపోయిందనీ, టెర్బినాఫిన్‌కు లొంగడం లేదనీ పత్రికల్లో చదివాను. దానికి ఆధారమేమిటి, మన దేశపు రోగుల మీద ఎవరైనా సరిగా పరీక్షించి చూశారా? రెండవది, ఇట్రాకొనజోల్ అనే మరో ఫంగస్ మాత్ర మేలంటున్నారు కదా, దానినే రోజుకు 400 మిల్లీగ్రాములు వేసుకుంటే త్వరగా తెగిపోతుందని తోటివాళ్లు చెబుతున్నారు. అందులో నిజమెంత?


పీజీ విద్యార్థి, కర్నూలు

నాపరాయి గారూ, నేను కర్నూలులో చర్మవ్యాధుల విభాగంలో పీజీ చదువుతున్నాను. మిమ్మల్ని చూడకుండా మందు రాయడం తప్పు కాబట్టి ఆ పని చేయను. పరిశోధనల సంగతి మాత్రం నాకు తెలిసినంత చెబుతాను.

మీరు చదివింది పుకారు కాదు. తామర కలిగించే శిలీంధ్రం, అంటే ఫంగస్, తన కణపు పొర కోసం ఎర్గోస్టెరాల్ అనే పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. ఆ తయారీలో స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైము చేసే పనిని అడ్డుకోవడమే టెర్బినాఫిన్ చేసే వైద్యమంతా. మన దేశంలో ఇప్పుడు తిరుగుతున్న ఫంగస్ నమూనాలు చాలావాటిలో ఆ ఎంజైముకు సంబంధించిన జన్యువు మారింది. ఎంజైము అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండ లాంటిది. ముఖ్యంగా అందులో 393వ, 397వ స్థానాల్లో ఒక అమైనో ఆమ్లం ఉండవలసిన చోట మరొకటి ఉండడంతో, మందు అక్కడ పట్టు దొరకక జారిపోతోంది. జపాన్‌లో ఉంటున్న నేపాలీ, భారతీయ రోగుల చర్మం నుంచి తీసిన ఇలాంటి మొండి ఫంగస్‌ను పరిశీలించి, 2020లో అక్కడి పరిశోధకులు దానిని కొత్త జాతిగా వర్ణించి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. (ఒక దేశం పేరును రోగానికి తగిలించడం నాకైతే నచ్చలేదు, అది వేరే సంగతి.) ఇది పశువుల నుంచి కాకుండా మనిషి నుంచి మనిషికి అంటుకునే రకం. 2023 మే నెలలో అమెరికాలోని న్యూయార్క్‌లో ఇద్దరు మహిళల్లో దీనిని గుర్తించినట్టు అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రకటించింది. వారిలో ఒకరు బంగ్లాదేశ్ వెళ్లి వచ్చినవారు, మరొకరు ఏ విదేశానికీ వెళ్లనివారు.

ఇక మన రోగుల మీద జరిగిన పరీక్ష. వారణాసిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు 200 మంది తామర రోగులను చీటీలు తీసినట్టుగా నాలుగు జట్లు చేసి, జట్టుకు 50 మంది చొప్పున ఫ్లుకొనజోల్, గ్రిసియోఫుల్విన్, ఇట్రాకొనజోల్, టెర్బినాఫిన్ అనే నాలుగు ఫంగస్ మందుల్లో ఒక్కో జట్టుకు ఒక్కొక్కటి ఇచ్చి చూశారు. ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. ఎనిమిది వారాల తరువాత పూర్తిగా నయమైనవారు ఇట్రాకొనజోల్ జట్టులో 66 శాతం, ఫ్లుకొనజోల్ జట్టులో 42 శాతం, టెర్బినాఫిన్ జట్టులో 28 శాతం, గ్రిసియోఫుల్విన్ జట్టులో 14 శాతం. అక్కడ టెర్బినాఫిన్‌ను శరీర బరువులో కిలోకు 7.5 మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చారు. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 450 మిల్లీగ్రాములు. మీరు వాడిన 250 కంటే అది బాగా ఎక్కువ, అయినా ముప్పై శాతం కూడా దాటలేదు.

అదే పరీక్షలో మరో అంకె మీకు ఇంకా అవసరం. నాలుగు వారాలు పూర్తయ్యేసరికి నాలుగు జట్లలో ఏ ఒక్కదానిలోనూ నయమైనవారు 8 శాతం దాటలేదు. మేము పాత పుస్తకాల్లో గజ్జల తామరకు రెండు వారాలు, మహా అయితే నాలుగు వారాలు అని చదువుకున్నాం. ఆ లెక్క ఇప్పటి రోగానికి సరిపోదు. మీరు మాత్రలు ఆపింది సరిగ్గా నాలుగు వారాలకే కాబట్టి, మీలో ఉన్న ఫంగస్ మందుకు మొండికేసిందో, గడువు చాలక మిగిలిపోయిందో ఇక్కడ కూర్చుని ఎవరూ చెప్పలేరు.

400 మిల్లీగ్రాముల ప్రశ్నకు కూడా ఒక జవాబుంది. ఢిల్లీలో ఇట్రాకొనజోల్‌ను రోజుకు 100, 200, 400 మిల్లీగ్రాముల మోతాదులలో పోల్చి చూసిన పరీక్ష 2022లో వెలువడింది. ఎక్కువ మోతాదులో నయం కావడం కొంత త్వరపడింది గానీ, తిరగబెట్టడం మూడు జట్లలోనూ ఇంచుమించు ఒకేలా ఉంది. మీ బాధంతా తిరగబెట్టడం గురించే కదా. దానికోసం మోతాదు పెంచితే డబ్బు, కాలేయం మీద బరువు పెరుగుతాయే తప్ప మీరు కోరుకున్నది దక్కదు.

ఇట్రాకొనజోల్ కడుపులో ఆమ్లం ఉంటేనే రక్తంలోకి సరిగా చేరుతుంది. అందువల్ల అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి, పరగడుపున కాదు. పొద్దున్నే ఆ ఆమ్లాన్ని తగ్గించే పాంటొప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర వేసుకోవడం మన జిల్లాల్లో కాఫీ తాగినంత మామూలైపోయింది. ఆ అలవాటు మీకుంటే వైద్యుడికి తప్పక చెప్పండి. గుండె బలహీనత ఉన్నవారికి, గర్భిణులకు, కొన్ని రకాల కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవారికి ఇది ఇవ్వకూడదు.


మందుల షాపు, అనంతపురం

పీజీ విద్యార్థి గారు మాత్రల గురించి వివరంగా రాశారు. కానీ నాపరాయి గారి కథలో అసలు దోషి ఆ ఆరు ట్యూబులని నా అభిప్రాయం. ఇరవై ఏళ్లుగా కౌంటర్ వెనుక నిలబడుతున్నవాడిని కాబట్టి చెబుతున్నాను. మూడు రోజుల్లో నవ తగ్గించే ట్యూబులో ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందుతో పాటు క్లోబెటసాల్ అనే ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. నవ తగ్గించింది అదే. చర్మం ఫంగస్‌తో చేసే పోరాటాన్ని అది అణచేస్తుంది, ఎరుపు పోతుంది, మనిషి నయమైందనుకుంటాడు. లోపల ఫంగస్ హాయిగా పెరుగుతుంది.

2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అప్పటి నుంచి వైద్యుడి చీటీ లేకుండా వాటిని అమ్మడం నేరం. అయినా అమ్ముతున్నారా అంటే అమ్ముతున్నారు. ఖాళీ ట్యూబు తెచ్చి చూపించి ఇదే కావాలని పట్టుబట్టేవారు రోజుకు ఎంతమందో వస్తారు, నేను లేదంటే నాలుగు అడుగుల దూరంలో మరో షాపు ఉంది. ఇది నన్ను నేను సమర్థించుకోవడానికి రాయడం లేదు. మొదట్లో నేనూ ఇచ్చినవాడినే. ట్యూబు మీద మందుల పేర్లు చిన్న అక్షరాలతోనైనా ఉంటాయి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మోమెటసోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా తామరకు రాయకండి. పాప చేతికి కూడా అదే ట్యూబు రాసి ఉంటారని నా అనుమానం.


పీజీ విద్యార్థి, కర్నూలు

షాపు పెద్దాయన గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, నేను ముందు రాయవలసింది అదే. స్టెరాయిడ్ పడిన తామర తన రూపమే మార్చుకుంటుంది. ఒక వలయం లోపల మరో వలయం ఏర్పడుతుంది, అంచులు చెదిరిపోతాయి, అనుభవం లేని కంటికి అది ఎగ్జిమాలా కనిపిస్తుంది, దానితో మళ్లీ స్టెరాయిడే రాస్తారు. గజ్జల్లో నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, గర్భిణి పొట్ట మీద పడేలాంటి చారలు పడతాయి. ఫంగస్ పోయినా ఆ చారలు పోవు. ఒక హెచ్చరిక: ట్యూబు ఆపిన మొదటి వారంలో ఎరుపు, మంట, నవ ఎక్కువవుతాయి. అది మందు వికటించడం కాదు, ఇన్నాళ్లు అణిగి ఉన్నది బయటపడడం.


వాణి, ప్రొద్దుటూరు

నేను వైద్యురాలిని కాను, బడిలో పాఠాలు చెబుతాను. మా ఇంట్లో నలుగురికి ఏడాదిన్నర పాటు ఈ తామర బంతిలా ఒకరి నుంచి ఒకరికి తిరిగింది. కడపలో మేము చూపించుకున్న చర్మ వైద్యురాలు మందుల కంటే ముందు అడిగిన ప్రశ్న, మా వారికి మొలతాడు ఉందా అని. నడుము చుట్టూ తామర ఉన్నవారికి చెమట, నీళ్లు పట్టిన దారం ఆరకుండా చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటుందనీ, అది ఉన్నంతకాలం మళ్లీ మళ్లీ అక్కడే లేస్తుందనీ ఆమె చెప్పారు. మా అత్తగారు ఒప్పుకోవడానికి పది రోజులు పట్టింది. చివరకు నయమయ్యేదాకా తీసి దేవుడి గూట్లో పెడదామన్న షరతు మీద ఒప్పుకున్నారు, ఇప్పటికీ అక్కడే ఉంది.

నలుగురికీ ఒకేసారి వైద్యం మొదలుపెట్టించారు. తువ్వాళ్లు వేరు చేశాం, లోపలి బట్టలు వేడి నీళ్లలో నానబెట్టి, తిరగేసి ఎండలో వేశాం. మన దగ్గర ఎండకు కొదవ లేదు కదా.


నాపరాయి, తాడిపత్రి

అందరికీ కృతజ్ఞతలు. షాపు పెద్దాయన గారి అనుమానం నిజమే, పాపకు కూడా నా ట్యూబే రాశాం. నిన్నటి నుంచి ఆపేశాం. మొలతాడు నాకూ ఉంది, దాని గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు. గ్యాస్ మాత్ర మూడేళ్లుగా వేసుకుంటున్నాను. వచ్చే సోమవారం పనికి సెలవు పెట్టి ముగ్గురం పెద్దాసుపత్రికి వెళ్లాలనుకుంటున్నాం. అక్కడ ఏ పరీక్ష చేయమని అడగాలి? మందుకు మొండికేసిందో లేదో తేల్చే పరీక్ష మన దగ్గర ఉంటుందా?


పీజీ విద్యార్థి, కర్నూలు

మొదట కేఓహెచ్ పరీక్ష. వలయం అంచు నుంచి పొట్టు గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఫంగస్ ఉంటే దారాల్లాగా కనిపిస్తుంది. నొప్పి ఉండదు, ఖర్చు స్వల్పం, ఫలితం ఆ రోజే తెలుస్తుంది. పొట్టు లేకపోతే పరీక్ష సరిగా రాదు కాబట్టి వెళ్లే ముందు రోజుల్లో ఏ పూతమందూ రాయకండి. జన్యువు మారిందో లేదో చూసే పరీక్షలు పరిశోధన కేంద్రాల్లో చేసేవి, మామూలు రోగికి వాటి అవసరం రాదు. కేఓహెచ్‌లో ఫంగస్ కనిపించి, టెర్బినాఫిన్‌తో నయం కాలేదన్న చరిత్ర ఉంటే వైద్యులు దానిని బట్టే మందు మారుస్తారు.

వాడిన ఖాళీ ట్యూబు, టెర్బినాఫిన్ చీటీ, గ్యాస్ మాత్ర అట్ట, ఈ మూడూ వెంట తీసుకెళ్లండి. పాపకు మోతాదు బరువును బట్టి లెక్క కడతారు, చేతి మీద ఒక్క మచ్చే అయితే పూతమందుతోనే సరిపోవచ్చు. మీ మాత్రల్లో సగం విరిచి పాపకు ఇవ్వకండి. మీ భార్య గర్భవతి అయ్యే అవకాశం ఏమాత్రం ఉన్నా ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. ఫ్యాక్టరీలో మిషన్ దగ్గర నిలబడక తప్పని రోజున మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు మార్చుకోవడానికి ఒక పొడి జత దగ్గర పెట్టుకోండి.