స్టవ్ నాబ్ వెనక గ్యాస్ లీకు: వాల్వ్ మేమే మార్చుకోవచ్చా?

మాది కడప. రెండు బర్నర్ల స్టవ్, కొని తొమ్మిదేళ్లయింది. నెల నుంచి ఎడమవైపు నాబ్ బిగుసుకుపోయి, పట్టకారుతో తిప్పాల్సి వస్తోంది. మొన్న సంగటికి ఎసరు పెడితే సన్నగా వాసన. సబ్బు నీళ్లు పూసి చూశాం. ట్యూబు దగ్గర ఏమీ లేదు గానీ, నాబ్ వెనక ఆవగింజంత బుడగలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వెంటనే రెగ్యులేటర్ ఆపేశాం.

రిపేరు అతను వచ్చి వాల్వ్ విప్పి గ్రీజు పెట్టి 150 రూపాయలు తీసుకున్నాడు. రెండు రోజులకే మళ్లీ వాసన. మామూలు బండి గ్రీజేమో అని నా అనుమానం, వేడికి కరిగిపోయి ఉంటుంది.

ఇప్పుడు ఇండక్షన్ మీద వండుతున్నాం. దాని మీద సంగటి కెలకడం ఎంత కష్టమో మీకు తెలుసు కదా!

వాల్వ్ మొత్తం కొత్తది వేయించాలా, లేక వేడికి తట్టుకునే గ్రీజు పెడితే చాలా? పాత స్టవ్‌కు సరిపోయే వాల్వ్ ఎలా చూసి కొనాలి? మా ఆయన తనే బిగిస్తానంటున్నాడు, నాకేమో టెన్షన్. ఎవరైనా సొంతంగా మార్చుకున్నారా? ట్యూబు మీద 2019 అని ఉంది, ఐదేళ్లు దాటింది కాబట్టి అదెలాగూ మార్చేస్తాం. లీకులకు 1906 నంబరు ఉందని తెలుసు, స్టవ్ లోపలి పార్టులకు కూడా వాళ్లే వస్తారా?