అప్‌డేట్: పాత ట్రాక్టర్‌లో కంప్రెషన్ ఎందుకు పడిపోయిందో తెలిసింది
పొద్దున పూట స్టార్ట్ కాకుండా తెల్లపొగ కక్కుతున్న మా మూడు సిలిండర్ల పాత డీజిల్ ట్రాక్టర్ గురించి గత నెల అడిగాను. బదులిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఇంజెక్టర్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పి, ఆ రంధ్రాల్లో కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) కొలిచే గేజి బిగించి చూడమన్న సలహాయే దారి చూపింది. పర్లాకిమిడి మెకానిక్ అలాగే పరీక్షించగా మొదటి సిలిండర్‌లో 390 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలమానం) వచ్చింది గాని, పక్కపక్కనే ఉన్న రెండు, మూడింటిలో ముల్లు 210 దాటలేదు. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆయిల్ ఆ సందులను కాసేపు మూసి అంకె పెరగాలి; చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి తిప్పినా అది కదలకపోవడంతో రింగుల దోషం కాదని తేలింది (ఆయిల్ గాలిలా నలగదు కాబట్టి ఎక్కువ పోస్తే పిస్టన్‌ను నడిపే కనెక్టింగ్ రాడ్డే వంగవచ్చని ఆయన ముందే హెచ్చరించాడు). హెడ్ (సిలిండర్ల పైమూత) ఎత్తి చూస్తే ఆ రెండు సిలిండర్ల నడుమ గాస్కెట్ (మూత కింద ఒత్తిడి బయటికి పోకుండా ఆపే పలచని పొర) వేలెడు మేర కాలి నల్లబడి ఉంది. హెడ్ ఫేసింగ్ (అడుగుభాగం చదును) చేయించి కొత్త గాస్కెట్ వేశాక మూడింటిలోనూ 380కి పైగానే వస్తోంది. నేను తొందరపడి కొన్న బ్యాటరీకీ, చేయించిన డీజిల్ పంపు సర్వీసింగుకూ దీనితో సంబంధమే లేదు.