‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా ఒక్కటేనా?

ప్రశ్న: ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ అన్న వాక్యాన్ని తెలుగు చేయాలి. ఇందులో వాయిదా ఎక్కడుందండీ?

జవాబు: లేదండీ. కర్మ ఏమిటో చూడండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. పెళ్లి, పరీక్ష, మీటింగ్ లాంటివైతే వాయిదా. కర్మ మనిషైతే కథ వేరు. ‘హి కీప్స్ పుటింగ్ మీ ఆఫ్’ అంటే ఇవాళ రా, రేపు రా అని తిప్పుతున్నాడని. మీ వాక్యంలో మాత్రం వెగటు. దేని మీద వెగటో చెప్పాలంటే చివర ‘మై ఫుడ్’ తగిలిస్తారు. ‘వాసన నన్ను విముఖుణ్ణి చేసింది’ అని మాత్రం రాయకండి, అది తెలుగు అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు. అక్కడ వాసన కర్త. మనకి ‘నాకు’తో మొదలవ్వాలి: ‘ఆ వాసనకి నాకు తినబుద్ధి కాలేదు’.

ఇంకొకరు: బ్రిటిష్ వాడుకలో ధ్యాస చెదరగొట్టడం కూడా ఉంది. బంతి వేసే ముందు ఎవరో అరిస్తే ‘ఇట్ పుట్ హిమ్ ఆఫ్’ అంటారు.

మరొకరు: అర్థం కన్నా అమరికలోనే ఎక్కువమంది తప్పుతారు. సర్వనామం మధ్యలోనే కూర్చోవాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. నామవాచకమైతే మధ్యలోనైనా, చివరనైనా సరే. మరీ పొడుగైతే చివరే నయం. తర్వాత క్రియ వస్తే ‘గోయింగ్’, ‘టు గో’ కాదు. ‘వెళ్లడం వాయిదా వేశాడు’ అంటాం గానీ ‘వెళ్లడానికి’ అనం కదా, అదే లెక్క. ‘సోమవారానికి’లో ‘కి’ ఉంది కదా అని ‘టు మండే’ రాసేస్తారు. ‘పుట్ ఆఫ్’ పక్కన మామూలుగా వచ్చేది ‘టిల్’ లేదా ‘అంటిల్’. భూతకాలంలోనూ ‘పుట్’ మారదు. ‘హి పుట్ ఇట్ ఆఫ్’లో ‘పుట్’ చివర ‘స్’ లేదు కాబట్టే అది జరిగిపోయిన పని.

ప్రశ్న: మరి ‘పుట్ ఆఫ్ ద లైట్’ మన ఇండియన్ ఇంగ్లీషేనా?

జవాబు: మనది మాత్రమే కాదు, బ్రిటిష్ నిఘంటువుల్లోనూ ఉంది. అమెరికాలో ‘టర్న్ ఆఫ్’ అనండి. కొవ్వొత్తికీ మంటకీ మాత్రం ఎక్కడైనా ‘పుట్ అవుట్’. ‘కాల్ ఆఫ్’ని ‘పుట్ ఆఫ్’తో కలపకండి, అది రద్దు. పెళ్లి కబుర్లలో ఆ తేడా చిన్నది కాదు.

ఇంకొకరు: వాయిదాకి ఎదురుమాటగా మనవాళ్లు వాడే ‘ప్రీపోన్’ బయటి దేశాల్లో చాలామందికి తెలియదు. అక్కడ ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటే సరిపోతుంది.