అప్‌డేట్: ఆగిపోయిన 1994 సీజన్ పూర్తయింది

1994 బేస్‌బాల్ సీజన్‌ని సిమ్యులేషన్ గేమ్‌లో రీప్లే చేస్తుంటే మాంట్రియల్ ఎక్స్‌పోస్ జట్టు ఎందుకు వెనకబడుతోందని అడిగాను కదా. మీరు చెప్పినట్టు కంప్యూటర్ తనంతట తాను చేసే ట్రేడ్‌లు (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) ఆపేసి, అసలు లైనప్‌లు, అంటే అప్పట్లో ఏ మ్యాచ్‌లో నిజంగా ఎవరు ఆడారో వాళ్లనే పెట్టాను. తేడా వెంటనే తెలిసింది. ఆగస్టు 12న ఆటగాళ్ల సమ్మె మొదలయ్యేనాటికి నిజం ఎక్స్‌పోస్ 74 గెలిచి 40 ఓడింది. నాదీ ఆ దరిదాపుల్లోనే ఉంది. నిజం సీజన్ అక్కడే ఆగిపోయింది, ఆ తర్వాతి మ్యాచ్‌లకి నిజం లైనప్‌లు లేవు కాబట్టి పగ్గాలు కంప్యూటర్‌కి ఇచ్చేశాను.

అసలు టెన్షన్ శాన్ డియేగో బ్యాటర్ టోనీ గ్విన్‌దే. నిజంలో సమ్మె వచ్చేసరికి .394 బ్యాటింగ్ సగటు దగ్గర, అరుదైన .400కి కాస్త దూరంలో ఆగిపోయాడాయన. గేమ్‌లో సెప్టెంబర్ అంతా ఒక్కో హిట్ చూస్తూ కూర్చున్నాను. ఒకరోజు నాలుగు హిట్లు కొట్టి ఆశ పెట్టాడు, మర్నాడు సున్నా! .400 దాటనేలేదు. ఎక్స్‌పోస్ మాత్రం అట్లాంటా జట్టుని దాటి తన డివిజన్ (లీగ్‌లోని గ్రూపు)లో మొదటి స్థానం కొట్టేసింది. ప్లేఆఫ్స్ ఈ వారాంతం ఆడతాను.